దొర కోటు మూలస్థితి

ఆ ఏడు మే నెలలో జిల్లాలో తోలు జాకెట్ల పిచ్చి పుట్టింది. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్న రోజుల్లో, కాకులు నోళ్ళు తెరుచుకుని నీడ కోసం వెతుక్కుంటున్న రోజుల్లో, చదువుకున్నవాళ్ళంతా ఒకరిని చూసి ఒకరు పాతకాలపు యుద్ధవిమానాల పైలట్లు తొడుక్కునే తోలు జాకెట్లు వేసుకుని తిరగడం మొదలుపెట్టారు. అవి నిజంగా పాతవి కావు. కొత్తగా కుట్టి, పాతవాటిలా కనబడేటట్టు ఫ్యాక్టరీలోనే గీకి, నలిపి, మోచేతుల దగ్గర అరగదీసి పంపినవి. ఎంత చిరిగితే అంత ఖరీదు. చిరగని జాకెట్ వేసుకున్నవాణ్ణి లోకువగా చూసేవాళ్ళు. పెళ్ళి భోజనాల్లో, బ్యాంకు క్యూల్లో, పొద్దున్నే వాకింగులో కూడా, ఎన్నడూ విమానం ఎక్కని పెద్దమనుషులు ఇప్పుడే విమానం దిగినట్టు చెమటలు కక్కుతూ నిలబడేవాళ్ళు. వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరినవాణ్ణి పలకరించడానికి జాకెట్‌తో వెళ్ళి, పక్క మంచం మీద తానూ చేరినవాళ్ళున్నారు.

ఊరు మొత్తం మీద ఆ ఎండల్లో జాకెట్ నిజంగా అవసరమైన మనిషి ఒక్కడే. అతని పేరు ఇమ్మానియేలు. మిరప యార్డుకు పోయే దారిలో ఉన్న వైకుంఠ కోల్డ్ స్టోరేజీలో మేస్త్రీ. బయట నిప్పులు కురుస్తుంటే ఆ భవనం లోపల ఎముకలు కొరికే చలి. రైతులు దాచుకున్న మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, గదుల నిండా కప్పు దాకా పేర్చి ఉంటాయి. ఎవరి టిక్కీలు ఎక్కడున్నాయో వెతికి, హమాలీల చేత దింపించి, లారీకి ఎక్కించేదాకా ఇమ్మానియేలుదే బాధ్యత. హమాలీలు పావుగంటకోసారి బయటికి పరుగెత్తి ఎండలో కాళ్ళూ చేతులూ కాచుకుంటారు. ఇమ్మానియేలు మాత్రం కదలడు. అతని ఒంటి మీద దొర కోటు ఉంటుంది.

ఆ కోటు అతని తాత దావీదుది. పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక తెల్లదొర విమానం చెడిపోయి పొగాకు చేలో దిగింది. దావీదు పరుగున వెళ్ళి దొరను బయటికి లాగి, గొడుగు పట్టి, కడుపునిండా చల్ల పోశాడు. దొర తన తోలుకోటు విప్పి దావీదు భుజాల మీద వేసి, జీపెక్కి వెళ్ళిపోయాడు. విమానాన్ని సర్కారువాళ్ళు పట్టుకెళ్ళారు. కోటు దావీదుకు మిగిలింది. ఆ ఇంట్లో దాన్ని అందరూ కోటు అనే అంటారు, జాకెట్ అంటే ఆడవాళ్ళు వేసుకునేది కాబట్టి.

మూడు తరాలుగా దాన్ని వాడని రోజు లేదు. వాడిన వస్తువు చిరుగుతుంది కాబట్టి, ఏటా క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నం వేసినట్టే కోటుకూ ఏదో ఒక మరమ్మతు చేసుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ. ఒక ఏడు జేబు, ఒక ఏడు చెయ్యి, ఒక ఏడు కాలరు. చెప్పులు కుట్టిన వంశం, తోలు వాళ్ళ మాట వింటుంది. కోటు మీద ఇమ్మానియేలుకు ఉన్న ఫిర్యాదల్లా ఒక్కటే. కాలరు లోపల, మెడ దగ్గర, అక్షరాలు చెరిగిపోయిన చిన్న గుడ్డముక్క ఒకటుంది. అది రోజంతా గీరుతుంది. తాతకూ గీరింది, నాయనకూ గీరింది. తీసి పారేద్దామని ప్రతి క్రిస్మస్‌కూ అనుకోవడం, మరిచిపోవడం.

ఆ కోటు కథ చెప్పడమంటే ఇమ్మానియేలుకు ఒళ్ళు తెలియదు. టీ కొట్టు దగ్గర కొత్త మొహం కనబడితే చాలు, పొగాకు చేలో విమానం దిగాల్సిందే. ఒకనాటి మధ్యాహ్నం అలా దిగిన విమానం డాక్టర్ వినీల్ చెవిన పడింది.

వినీల్ పళ్ళ డాక్టరు. ఊళ్ళో జాకెట్ అభిమానుల సంఘానికి అధ్యక్షుడు కూడా. టీ కొట్టు నీడలో ఇమ్మానియేలు ఒంటి మీది కోటును చూసి అతను చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు. దగ్గరికొచ్చి, అంచు పట్టుకుని వాసన చూసి, ఏడుసార్లు తుమ్మి, "ఏ కంపెనీ రిప్రొడక్షన్ ఇది? ఎక్కడ కొన్నారు?" అన్నాడు.

"కొనడమేంది సార్? మా తాతది. దొర ఇచ్చాడు," అన్నాడు ఇమ్మానియేలు. ఆ తర్వాత టీ చల్లారిపోయేదాకా చెప్పాడు.

వినీల్ ద్వారా కబురు అంది, వారం తిరక్కుండానే మూలస్థితి పునరుద్ధరణ మండలి వారి జీపు అతని ఇంటి ముందు ఆగింది. ఆ మండలి కొత్తగా పుట్టింది. జిల్లాలోని పాత వస్తువులన్నిటినీ అవి పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలా చెయ్యడం దాని ఆశయం. సంచాలకులు శేషశాయిగారు తోలుజాకెట్‌లోనే జీపు దిగారు. దాని అంచుల నుంచి చెమట బొట్లు బొట్లుగా వాకిట్లో పడుతోంది. ఆయన ఇమ్మానియేలు మెడలో దండ వేశారు, ఆ ఎండలో శాలువా కూడా కప్పారు.

"తమరు సామాన్యులు కారు. తమరొక చారిత్రక వస్తువునకు సంరక్షకులు," అన్నారాయన. "సదరు వస్తువును మండలి స్వీకరించి, కాలక్రమమున అందు చొరబడిన పరాయి పదార్థములను తొలగించి, మూలస్థితికి తెచ్చి, పది దినములలో తమరికే అప్పగించును."

ఇమ్మానియేలు భార్య రాహేలమ్మ కోల్డ్ స్టోరేజీ వసారాలో దబ్బనంతో టిక్కీల మూతులు కుట్టే మనిషి. ఒకటి మాట్లాడే చోట సగం మాట్లాడుతుంది. ఆమె మొగుణ్ణి తలుపు చాటుకు లాగి, "ఇయ్యమాకయ్యా. ఎక్స్‌పోర్టు లారీలు వచ్చే టయానికి కోటు లేకుండా లోపల ఎట్టా నిలబడతావు?" అంది.

"పది రోజులేగా? కొత్తదాని మాదిరి చేసి ఇత్తారంట. ఫోటో కూడా ఏత్తారంట."

"అట్టయితే అక్కడికి పొయ్యి నోరు మాత్రం తెరవమాక."

అతను తలూపాడు. ఆ తలూపడంలో నిజాయితీ ఉంది, కానీ ఆ నోరు అతని తల మాట వినే నోరు కాదు.

మండలి కార్యాలయంలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద కోటును పడుకోబెట్టారు. చుట్టూ సభ్యులు, అందరూ జాకెట్లలో. శేషశాయిగారు వంగి చూసి తుమ్మారు. పక్కాయన తుమ్మాడు. క్షణంలో గది మొత్తం తుమ్ములతో దద్దరిల్లింది. కళ్ళు మండి, గొంతులు పట్టేసి, ఇద్దరు సభ్యులు కిటికీలోంచి బయటికి తలలు పెట్టారు.

"మిరప ఘాటు సార్. మా కాడ అందరికీ అలవాటే," అన్నాడు ఇమ్మానియేలు.

శేషశాయిగారు కళ్ళు తుడుచుకుంటూ అతన్ని జాలిగా చూశారు. "యుద్ధకాలపు వస్తువు నుండి వెలువడు వాయువును మిరపకాయ అనుట చరిత్రను అవమానించుట. ఇది శత్రుదేశము ప్రయోగించిన విషవాయువు. రాసుకోండి." రాసుకున్నారు. వీధి మొత్తం ఖాళీ చేయించారు. అగ్నిమాపక శకటం వచ్చి నిలబడింది. మండలి సభ్యులు మొహాలకు తువ్వాళ్ళు కట్టుకుని పరీక్ష కొనసాగించారు.

నిపుణుడు వినీల్. అతను తన ఒంటి మీది జాకెట్ విప్పి దొర కోటు పక్కన పరిచాడు. "ఇది లోకంలోకెల్లా కచ్చితమైన నకలు. అంగుళానికి ఎన్ని కుట్లుండాలో అన్నే ఉన్నాయి. జిప్పు నుంచి దారం దాకా ఒక్క పొరపాటు లేదు. దీన్ని ప్రమాణంగా పెట్టుకుందాం. అసలుది దీనికి ఎక్కడ తేడాగా ఉంటే అక్కడ అసలుది తప్పు," అన్నాడు. సభ్యులు ఆమోదించారు. ఇందులో ఏదో తిరకాసు ఉన్నట్టు ఇమ్మానియేలుకు ఒక్క క్షణం తోచింది. ఈలోగా అతన్ని ఒక ప్రశ్న అడిగారు.

"ఈ జిప్పు మా జాకెట్ జిప్పులా లేదేం?"

నోరు తెరవొద్దని ఇంట్లో చెప్పి పంపారు. కానీ ఇంతమంది చదువుకున్నవాళ్ళు చుట్టూ నిలబడి కోటు గురించి చెప్పమనడం అతని జన్మలో అదే మొదలు. "అది మా నాయన మోషే ఏసింది సార్. అసలు జిప్పు తుప్పు పట్టి ఊడిపొయ్యింది. తుపాను వచ్చిన ఏడు లారీ డ్రైవరు రెక్సిన్ సంచీ ఒకటి కొట్టుకొచ్చింది. దాని జిప్పు పీకి..." అంటూ అందుకున్నాడు.

"పరాయి పదార్థము," అన్నారు శేషశాయిగారు. వినీల్ దవడపళ్ళు పీకే పటకారు తీసి జిప్పును ఒక్క గుంజుతో ఊడబెరికాడు.

"ఈ చేతులు?"

"అవి మా నల్లచుక్క గేదెవి సార్! దాని పాలు తాగే నేను పెరిగా. అది చచ్చిపోయిన రోజు మా ఇంట్లో పొయ్యి ఎలిగించలా. మా తాత ఏడుసుకుంటానే దాని తోలుతో రెండు చేతులూ ఏశాడు." సభ్యులు ఇద్దరు కళ్ళొత్తుకున్నారు, వాయువు వల్ల కూడా కావచ్చు. చేతులు రెండూ ఊడి బల్ల కింద పడ్డాయి.

అక్కడైనా ఆగొచ్చు. ఆగలేదు. లోపలి ఉన్ని తన తల్లి కప్పుకున్న గొంగడి అని, దాని కిందే తాను పుట్టానని చెప్పాడు. గొంగడి పోయింది. జేబులు మిషన్ స్కూలు ఫుట్‌బాల్ తోలు అని, ఆ బంతితో తన నాయన గోలు కొట్టాడని చెప్పాడు. జేబులు పోయాయి. వీపును ఎలుకలు కొట్టేస్తే గుర్రబ్బండి సీటు వేశామన్నాడు. ముందు పలకలు రెండూ పాత మిషను బెల్టు తోలన్నాడు. కాలరు తన పెళ్ళినాడు మామగారు పెట్టిన కట్నమన్నాడు. మూడు తరాల మనుషులు ఒక్కొక్కరే లేచి వచ్చి అతని నోట మాట్లాడి, పటకారుకు దొరికిపోయారు. అతను ఊపిరి పీల్చుకోవడానికి ఆగి చూసేసరికి బల్ల మీద కోటు లేదు. మెడ దగ్గరి గుడ్డముక్క ఉంది.

వినీల్ భూతద్దంలోంచి చూసి కేకవేశాడు. "ఇది అప్పటిదే! దారం కూడా అప్పటిదే!"

సభ్యులందరూ లేచి నిలబడ్డారు. శేషశాయిగారు గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. "మూలస్థితి సిద్ధించినది," అన్నారు.

"అది గీరుద్ది సార్," అన్నాడు ఇమ్మానియేలు నీరసంగా. ఎవరూ వినలేదు.

గుడ్డముక్కకు గాజుపెట్టె చేయించారు. పెట్టెకు ఏసీ పెట్టించారు. హాలుకు కాదు, పెట్టెకు మాత్రమే. తుపాకులతో ఇద్దరు కాపలావాళ్ళను నిలబెట్టారు. పది రోజులన్నది నెల దాటింది. ఇమ్మానియేలు రోజూ వచ్చి అడిగితే, మూలస్థితికి చేరిన వస్తువు మనుషులు తాకరానిదైందనీ, కాబట్టి అప్పగించుటకు వీలుపడదనీ చెప్పారు. తొలగించిన పరాయి పదార్థములను మాత్రం స్వంతదారుడు తన ఖర్చులతో తరలించుకొనవలెనట. వాటిని ఒక గోనెసంచిలో కుక్కి అతని నెత్తిన పెట్టారు.

అప్పటికే ఎక్స్‌పోర్టు లారీలు వరస కట్టాయి. ఇమ్మానియేలు చొక్కా మీద చొక్కా వేసుకుని, దాని మీద రాహేలమ్మ స్వెట్టరు ఎక్కించి, మీద గోనెపట్టా కప్పుకుని లోపలికి పోయేవాడు. రెండు టిక్కీలు దింపించేసరికి పళ్ళు టకటకలాడేవి. దగ్గు పట్టుకుంది. కోల్డ్ స్టోరేజీ యజమాని పూర్ణయ్యగారు రెండు రోజులు చూసి, "లోపల నిలబడలేని మేస్త్రీని నేనేం చేసుకునేది ఇమ్మానియేలూ? సోమారం దాకా చూత్తా. ఆపైన ఇంకొకణ్ణి పెట్టుకుంటా," అనేశారు.

ఆ సంచి తెచ్చిన సాయంత్రం ఇమ్మానియేలు దాన్ని గుమ్మంలో పడేసి దాని పక్కనే కూలబడ్డాడు. పని పోతుందన్న భయం ఒకటి. తాతను, నాయనను, ఆ నల్లచుక్క గేదెను తన నోటితోనే ముక్కలు చేయించానన్న ఏడుపు అంతకన్నా ఎక్కువగా ఉంది. నిజంగానే ఏడ్చాడు.

అనడానికి రాహేలమ్మ దగ్గర చాలానే ఉంది, దాచుకుంది. సంచి బోర్లించి ముక్కలన్నీ చాప మీద పరిచింది. చేతులు చేతుల చోట, వీపు వీపు చోట, కాలరు కాలరు చోట. కాసేపు చూసి, "ఏం పొయ్యిందయ్యా ఇప్పుడు? అన్నీ ఇందులోనే ఉన్నయ్యిగా," అంది. దబ్బనంలోకి పురికొస ఎక్కించి, టిక్కీ మూతి కుట్టినట్టే చకచకా కుట్టుకుంటూ పోయింది.

తెల్లారి ఇమ్మానియేలు దొర కోటు వేసుకుని లోపలికి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా బయటికి రాలేదు. దగ్గు తగ్గుముఖం పట్టింది. పూర్ణయ్యగారు ఇంకొకడి మాట మళ్ళీ ఎత్తలేదు.

గాజుపెట్టె ఉన్న హాలుకు మూల జాకెట్ మందిరమని పేరు పెట్టారు, దాన్ని ప్రారంభించడానికి మంత్రిగారు వచ్చారు. ఆయనకూ ఒక జాకెట్ తొడిగించారు. ఆయన గాజుపెట్టెకు దండ వేసి, లోపలికి తొంగిచూసి, "మహాద్భుతం," అన్నారు. ఏం చూశారో ఆయనకు తెలియదు. తర్వాత షామియానా కింద శేషశాయిగారు మూలస్థితి గురించి ఉపన్యసించారు. ఉపన్యాసం మధ్యలో మంత్రిగారికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఆయన కూర్చున్న చోటే ఒరిగిపోయారు. ఆయన వెనక వరస కూడా ఒరిగింది.

"చల్లటి చోటికి తీసుకుపోండి! వైకుంఠానికి తీసుకుపోండి!" అని ఎవరో అరిచారు. ఊరికి కొత్తవాడైన మంత్రిగారి పీఏ గుండె ఆగినంత పనైంది. రెండు వీధుల అవతలున్న కోల్డ్ స్టోరేజీకి అందరూ మంత్రిగారిని మోసుకుంటూ పరుగెత్తారు. తలుపులు తెరిచి, మిర్చి టిక్కీల మీద ఆయన్ను పడుకోబెట్టారు. జిల్లాలోని జాకెట్లన్నీ, పుట్టిన తర్వాత మొదటిసారి, అవి ఉండాల్సిన చలిలోకి చేరాయి.

కాసేపటికి మంత్రిగారు కళ్ళు తెరిచారు. వెంటనే తుమ్మారు. అందరూ తుమ్మారు. "వాయువు ఇక్కడికీ వ్యాపించినది!" అని శేషశాయిగారు కేకపెట్టి, దిక్కులు చూసి, టిక్కీల సందులో నిలబడ్డ ఇమ్మానియేలును చూశారు. అతని ఒంటి మీది కోటునూ చూశారు.

"దొంగ!" అన్నారు.

వినీల్ ఫోనులో పాత ఫోటోలు తీసి పోల్చాడు. అవే చేతులు. అవే జేబులు. గుర్రబ్బండి సీటు మీది అదే గీత. "సందేహం లేదు. ఇది ఆ జాకెట్టే. చారిత్రక సంపద! పట్టుకోండి!" అన్నాడు. ఇద్దరు పోలీసులు ఇమ్మానియేలు రెండు రెక్కలూ పట్టుకున్నారు. ఒకడు కాలరు మీద చెయ్యి వేశాడు. మళ్ళీ పోతోందని అర్థమై ఇమ్మానియేలుకు ఆ చలిలోనూ చెమటలు పట్టాయి.

వసారాలోంచి రాహేలమ్మ దబ్బనం చేత్తో పట్టుకునే లోపలికి వచ్చింది. "సార్, తెలవక అడుగుతున్నా. ఇది ఆ కోటయితే, మీ అద్దాల పెట్టెలో ఉన్నదేంది?"

టిక్కీల మీద నుంచి మంత్రిగారు మోచేతి మీద లేచారు. "అవునయ్యా. ఇందాక నేను దండ వేసింది దేనికి?"

శేషశాయిగారి మొహంలో మండలి, మందిరం, గాజుపెట్టె, పెట్టెకున్న ఏసీ అన్నీ ఒకదాని వెనక ఒకటి ఊగాయి. "అది... అది మూల జాకెట్, సార్," అన్నారు.

"అయితే ఇదేంటి?"

"ఇది... ఇది నకలు."

"నకలే!" అన్నాడు వినీల్, మునిగిపోయేవాడికి తాడు దొరికినంత ఆత్రంగా. కాలరు తిప్పి చూపించాడు. "చూడండి, మెడ దగ్గర గుర్తు గుడ్డముక్క లేదు. గుర్తు లేకపోతే అసలుది ఎలా అవుతుంది? కానీ పనితనం చూడండి సార్. వాయువుతో సహా నకలు తీశారు!"

మంత్రిగారు ఇమ్మానియేలు వైపు చూశారు. "భలే ఉందయ్యా. నిజం చెప్పు. దీని కథేంటి?"

ఇమ్మానియేలు నోరు తెరిచాడు. చుట్టూ మంత్రి, పోలీసులు, జిల్లాలోని పెద్దలందరూ చెవులు అప్పగించి నిలబడ్డారు. ఇంతటి సభ అతనికి ఇక దొరకదు. పొగాకు చేను నాలుక చివరకు వచ్చింది. దావీదు తాత గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు, నల్లచుక్క అంబా అంటోంది, అమ్మ గొంగడి కప్పుకుని కూర్చుంది. రాహేలమ్మ మొగుడి మొహంలోకి చూసింది.

అతను గుటక వేశాడు. ఆ గుటకలో మూడు తరాలు కిందికి దిగాయి, ముళ్ళు మింగినట్టు నొప్పి పెట్టింది.

"కత ఏం లేదు సార్. నకలే. మా ఆడది కుట్టింది," అన్నాడు.

పోలీసులు రెక్కలు వదిలారు. శేషశాయిగారు ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకెళ్ళే రబ్బరు ముద్ర జేబులోంచి తీసి, ఊపిరి ఊది, ఇమ్మానియేలు వీపు మీద గట్టిగా గుద్దారు. గుర్రబ్బండి సీటు మీద ఊదారంగులో 'నకలు' అని పడింది. "ఇకపై ఎవరునూ దీనిని అసలని భ్రమపడరాదు. నకలును ధరించుటకు మండలికి అభ్యంతరము లేదు," అన్నారు.

పోతూ పోతూ వినీల్ వెనక్కి వచ్చాడు. అతని ప్రమాణ జాకెట్‌లో అతను గజగజ వణుకుతున్నాడు. "ఇలాంటిది నాకొకటి కుట్టిస్తారా?" అని గుసగుసగా అడిగాడు.

"ఎనభై ఏళ్ళు పట్టుద్ది సార్," అన్నాడు ఇమ్మానియేలు.

"పర్లేదు. ఆర్డరు రాసుకోండి."

జీపులు వెళ్ళిపోయాక హమాలీలు చుట్టూ మూగారు. "ఏంది మేస్త్రీ, దొర కోటు నకలంటగా?" అని ఒకడు నవ్వాడు. ఇమ్మానియేలు తలుపు వైపు చూశాడు. రాహేలమ్మ దాన్ని బయటి నుంచి మూసేసింది. అతను గొంతు సవరించుకుని, టిక్కీకి ఆనుకుని, నెమ్మదిగా మొదలుపెట్టాడు. పొగాకు చేలో మళ్ళీ విమానం దిగింది. దొర కోటు విప్పి తాత భుజాల మీద వేస్తున్న చోటుకు వచ్చేసరికి, ఎప్పటిలాగే అతని చెయ్యి అలవాటు కొద్దీ మెడ వెనక్కి పోయింది. అక్కడ గీరుకోవడానికి ఏమీ లేదు.